గీతకు కనిపించని ఒక్క మార్కు

మా అపార్ట్‌మెంటులో నాకు రెండు పేర్లు. రిజల్టు బాగా వచ్చిన ఇంట్లో నన్ను "మార్కులు కలిపే మేడం" అంటారు. రాని ఇంట్లో "మార్కులు కోసే మేడం" అంటారట. ఈ రెండో సంగతి మా వాచ్‌మన్ భార్య చెప్పింది, నవ్వు ఆపుకోలేక. నేను కలిపిందీ లేదు, కోసిందీ లేదు. కానీ ఆ మాట ఎవరు నమ్ముతారు?

ఇంజినీరింగ్ కాలేజీల ప్రవేశ పరీక్షకు స్కోర్లు లెక్కగట్టే విభాగంలో పనిచేసి పోయినేడాది రిటైరయ్యాను. అంతకుముందు డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పేదాన్ని. చిక్కడపల్లిలో ఇల్లు, నారాయణగూడలో ఆఫీసు, మధ్యలో నడక. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, ఫైళ్లు, సన్మానసభలో కప్పిన శాలువా గురించి ఇందులో ఏమీ ఉండదు. ఆ శాలువా ఇప్పుడు మా కుక్కర్ మీద కప్పుతున్నాం, అన్నం చాలాసేపు వేడిగా ఉంటోంది.

అశోక్‌నగర్‌లో నేను సాయంత్రం టీ తాగే చోట ఎప్పుడూ కుర్రాళ్లే. సర్కారు కొలువుల పరీక్షలకు చదువుతూ హాస్టళ్లలో ఉండేవాళ్లు. వాళ్ల పరీక్షల్లోనూ షిఫ్టులుంటాయి, కాబట్టి మా విద్య వాళ్లకూ తగులుతుంది. షిఫ్టుల మధ్య తేడాను సర్దే లెక్కకున్న నార్మలైజేషన్ అనే అంత పొడుగు మాటను వాళ్లు నరికి "నార్మల్" చేశారు. ఒకరోజు నా వెనక బల్ల మీద ఇద్దరు కూర్చున్నారు.

"నాకు నార్మల్ల పోయినయే మార్కులు. నీకు?"

"నాకు కలిసినయ్. మా షిఫ్ట్ మస్తు టఫ్ ఉండె."

"ఆ కలిపెటోడెవడో జర దొరికితే బాగుండు అన్నా. రెండు మాటలు అడుగుదును."

ఆ కలిపేటోడు వాడి వెనకే కూర్చుని టీలో బిస్కట్టు ముంచుకుంటోంది. నేను వెనక్కి తిరిగి, "వాళ్లు ఎట్లా కలుపుతారనుకుంటున్నావు బాబూ?" అని అడిగాను.

"ఏముంది ఆంటీ, కంప్యూటర్ల బటన్ ఉంటది. మనోళ్ల షిఫ్ట్ వచ్చిందనుకో, గట్టిగ ఒత్తుతరు."

నా బిస్కట్టు విరిగి టీలో పడింది. ఇన్నేళ్ల ఉద్యోగానికి ఇంత చక్కటి నిర్వచనం నేను ఎక్కడా వినలేదు.

పరుగు పందెం

బటన్ లేదు. ఉన్నదేమిటో చెబుతాను.

పరీక్ష రాసేవాళ్లు లక్షల్లో ఉంటారు. అందరికీ ఒకే పూట సరిపోయేటన్ని కంప్యూటర్లు లేవు. అందుకని కొన్ని రోజులు, పొద్దున ఒక పూట, మధ్యాహ్నం ఒక పూట. ప్రతి పూటకూ వేరే పేపరు. ఎంత జాగ్రత్తగా చేసినా ఏ రెండు పేపర్లూ సమానంగా రావు. మీ ఇంట్లో ఒకే చెయ్యి రోజూ పెట్టే పులుసు ఏ రెండు రోజులు ఒకేలా ఉంటుంది?

రెండు బడుల్లో పరుగు పందెం పెట్టారనుకోండి. ఒక బడి పిల్లలు రోడ్డు మీద, ఇంకో బడి పిల్లలు బురదలో పరుగెత్తారు. ఎంతసేపట్లో చేరారన్నది పోల్చడం అన్యాయం. కానీ ఎన్నో వాడిగా చేరాడన్నది పోల్చవచ్చు. బురదలో ముందొచ్చిన పిల్ల, రోడ్డు మీద ముందొచ్చిన పిల్ల ఒకే మెట్టు. నడుమ వచ్చినవాళ్లిద్దరూ ఒకే మెట్టు. మేం చేసే పని అదే. నీ షిఫ్టులో నువ్వు నూటికి ఎంతమందిని దాటావో చూసి, మిగతా షిఫ్టుల్లో అంతమందినే దాటినవాళ్ల పక్కన నిన్ను నిలబెడతాం. ఇలా ప్రతి షిఫ్టుకూ మార్కులు ఎలా పరుచుకున్నాయో ఒక వంపు గీత గీస్తాం. ఆఫీసులో అందరూ కర్వ్ అనేవారు, నాకు గీత అనడమే అలవాటు. తల్లిదండ్రులు దాన్ని నుదుటి గీత అనుకోవడం మీదే నా పేచీ అంతా.

ఇందులో ఒక నమ్మకం ఉంది. పేపర్లు సమానం కావు అని ఒప్పుకుంటాం కానీ, ఏ షిఫ్టు తీసుకున్నా పిల్లలు మొత్తం మీద సమానమే అని నమ్ముతాం. వాళ్లను షిఫ్టులకు కంప్యూటరు కలగాపులగంగా పంచుతుంది కాబట్టి ఆ నమ్మకం చాలావరకు నిలుస్తుంది. నిలవని రోజున మొత్తం లెక్కే కూలుతుంది.

మా మొదటి పెద్దసారు భీమ్‌రావు గారికి ఇది ప్రాణం. ఆయన కోపిష్ఠి, తెల్ల చొక్కా వేసుకునేవారు, ఆ చొక్కా మీద ఎప్పుడూ తాంబూలం మరక. ఎవరైనా "ఈ షిఫ్టు కష్టంగా వచ్చింది సార్" అంటే చాలు, తల ఎత్తకుండా "ఎవరికి?" అనేవారు. ఆ ఒక్క మాటకు మేం చచ్చేవాళ్లం. ఒక ఏడాది ఒక ఊళ్లో కరెంటు పోయి పరీక్ష ఆగిపోతే, ఆ సెంటరు పిల్లలందరినీ చివరి రోజు విడిగా రాయించారు. దాన్నీ ఒక షిఫ్టుగా లెక్కగట్టి తెచ్చి బల్ల మీద పెట్టాం. మార్కులు బాగా తక్కువ. పేపరు కష్టం సార్, బాగా పెంచాలి అన్నాం.

"ఎవరికి?" అన్నారాయన. "వీళ్లంతా ఒక్క ఊరివాళ్లు కాదా? పేపరు కష్టమా, ఆ ఊళ్లో లెక్కల సారు లేడా? మీకెట్ల తెలుసు?"

మాకు తెలియదు. అంత చిన్న గుంపును విడిగా తూచకూడదని ఆ రోజు నేర్చుకున్నాం. అదే పేపరును ఇంకెక్కడైనా రాశారేమో వెతికి వాళ్లతో కలిపి తూచాలి. ఆయన తిట్టిన తిట్లు మాత్రం ఇక్కడ రాయను.

రాహుకాలం

రిజల్టుకు ముందు నల్లకుంట నుంచి ఒక తండ్రి వచ్చారు. పంచె, నుదుట విభూతి, చేతిలో పంచాంగం. చాలా మర్యాదగా కూర్చుని అడిగారు.

"అమ్మా, మా వాడి పరీక్ష మంగళవారం మధ్యాహ్నం పూట పడింది. మూడింటి నుంచి నాలుగున్నర దాకా రాహుకాలం. వాడు సగం పేపరు ఆ టైములోనే రాశాడు. మీ నార్మలైజేషన్‌లో దానికేమైనా ఉందా?"

పక్కన మా ప్రోగ్రామరు కిరణ్ నవ్వు దాచుకోవడానికి బల్ల కిందికి వంగి, ఏదో పడిపోయినట్టు వెతకడం మొదలుపెట్టాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ప్రశ్న బాగుందనిపించింది. కాసేపు ఆలోచించి ఆయనకు నిజమే చెప్పాను.

"ఉందండీ. రాహువు ఆ షిఫ్టులో ఉన్న అందరినీ ఒకేలా పట్టుకుంటే, అందరి మార్కులూ తగ్గుతాయి. అప్పుడు మా గీత అందరినీ మళ్లీ పైకి లేపుతుంది. మీ అబ్బాయికి నష్టం లేదు."

"మా వాడొక్కణ్ణే పట్టుకుంటేనో?"

"అప్పుడు మా వల్ల కాదండీ."

ఆయన తృప్తిగా లేచి వెళ్లారు. కిరణ్ బల్ల కింద నుంచి లేచి, "ఏంది మేడం, రాహువును గూడ నార్మలైజ్ చేసినవ్?" అన్నాడు. కానీ నేను ఆ పెద్దాయనకు చెప్పిన జవాబు నా వృత్తి మొత్తానికి సారం. షిఫ్టులో అందరికీ ఒకేలా తగిలిన దెబ్బను గీత మాన్పుతుంది. కొందరికే తగిలిన దెబ్బ దాని కంటికి ఆనదు. ఈ మాటను నేను ఆఫీసులో కొత్తవాళ్లకు ఎన్నోసార్లు చెప్పాను. అది అసలు ఎంత బరువైనదో తెలిసింది మాత్రం నా చివరి ఏడాదిలో.

వడి

పరీక్ష అయ్యాక జవాబుల కీ ముందుగా బయటపెడతాం. తప్పుందనుకుంటే పిల్లలు అభ్యంతరం చెప్పవచ్చు. అలా పెట్టిన అభ్యంతరం తిరస్కరించారని ఒక అమ్మాయి తల్లిని వెంటబెట్టుకుని ఆఫీసుకే వచ్చింది. పేరు నవనీత. కౌంటరు మనిషి భోజనానికి పోయాడు, కిరణూ నేనూ కూర్చున్నాం.

తల్లి అంజమ్మ పని మీద నుంచి నేరుగా వచ్చినట్టుంది, గాజుల మీద సిమెంటు ఆరి తెల్లగా ఉంది. పాలమూరు వైపు నుంచి వచ్చి అంబర్‌పేటలో ఉంటున్నారు, మొగుడూ పెళ్లాం ఇద్దరిదీ భవనాల పనే. ఆమె కుర్చీలో కూర్చోలేదు. కూతురు కూర్చుంది.

"మేడం, నేను తప్పు వెట్టలే. చదివిందే వెట్టిన," అంది నవనీత.

ప్రశ్న ఫిజిక్సుది. ఒక ఆటగాడు గుండ్రటి దారిలో ఒక చుట్టు పరుగెత్తి బయలుదేరిన చోటికే వచ్చాడు, అతని సగటు వేగం ఎంత? ఈ అమ్మాయి సున్నా అని పెట్టింది. మా కీలో దూరాన్ని కాలంతో భాగిస్తే వచ్చే జవాబుంది. తెలుగు పేపరులో ప్రతి ప్రశ్న కిందా ఇంగ్లీషు కూడా ఉంటుంది.

"అమ్మా, ఇంగ్లీషుల స్పీడ్ అని క్లియర్‌గ ఉన్నది," అన్నాడు కిరణ్. "తెలుగుకు ఇంగ్లీషుకు తేడా వస్తే ఇంగ్లీషే ఫైనల్ అని ముందుగాల్నే చెప్పినం కద."

"స్పీడ్ అంటే వడి సార్. వేగం అంటే వెలాసిటీ. మా పుస్తకంల గట్లనే ఉంటది. పోయిన కాడికే తిరిగొస్తే వేగం సున్నానే అయితది. వడి అని అడిగితే వేరే జవాబు వెడుతుంటి."

"మరి కింద ఇంగ్లీషు చూసుకోవాలె కదా."

"ఇంగ్లీషుల చూసుకునేటట్లుంటే తెలుగుల ఎందుకు ఇచ్చిండ్రు సార్?"

కిరణ్ నా వైపు చూశాడు. నేను పేపరు వైపు చూశాను. తెలుగు మీడియంలో చదవనివాళ్ల కోసం చెబుతున్నాను. మామూలు తెలుగులో స్పీడుకు అందరం వేగం అనే అంటాం. రోడ్డు మీద బోర్డు "వేగం తగ్గించండి" అంటుంది కానీ "వడి తగ్గించండి" అని ఎక్కడా లేదు. కానీ ఫిజిక్సు పుస్తకంలో ఆ రెండూ వేరు. ఎంత దూరం తిరిగాడన్నది చూస్తే వడి. బయలుదేరిన చోటు నుంచి చివరికి ఎటువైపు ఎంత జరిగాడన్నది చూస్తే వేగం. తెలుగు మీడియం పిల్లలకు ఈ తేడా నోరు నొప్పి పుట్టేలా వల్లె వేయిస్తారు.

"దానికి ఇంగ్లీషు అంతగనం రాదమ్మా," అంది అంజమ్మ. "సర్కారు కాలేజిల తెలుగుల్నే చదివింది. వాళ్ల నాయిన కాచిగూడల చీరల దుకాణంల పనికి మాట్లాడిపెట్టిండు. సర్కారు సీటు వస్తే చదువుమన్నడు, రాకుంటే దుకాణానికి పొమ్మన్నడు. ఒక్క మార్కంట. ఆ ఒక్క మార్కుతోటి ఏమైతదమ్మా?"

మార్కుల గీత నడిమి భాగం కాచిగూడ బస్సులా ఉంటుంది, కాలు పెట్టే చోటు ఉండదు. అక్కడ ఒక్క మార్కు జరిగితే వేల ర్యాంకులు అటూ ఇటూ అవుతాయి. నవనీత మార్కులు సరిగ్గా అక్కడే ఉన్నాయి. వెనకటేళ్లలో సర్కారు కాలేజీ సీట్లు ఎక్కడిదాకా వచ్చాయో నాకు తెలుసు. ఆ మార్కు ఉంటే ఆమె గడప లోపల, లేకపోతే గడప బయట. ఆ మాట తల్లితో అనలేకపోయాను. "చూస్తానమ్మా" అన్నాను. ఆఫీసుల్లో ఆ మాటకు అర్థం ఏమిటో ఆమెకు తెలుసు. కూతురి భుజం తట్టి లేపింది.

సర్దుకుపోతది

వాళ్లు వెళ్లాక కిరణ్ అన్నాడు. "పరేషాన్ గాకు మేడం. నార్మల్ల సర్దుకుపోతది. తప్పు వెట్టినోళ్లు ఎక్కువుంటే ఆ షిఫ్ట్ యావరేజ్ తగ్గుతది. అప్పుడు అందరికీ జర పెరుగుతది."

ఈ మాట మా ఆఫీసులో ఎన్నిసార్లు విన్నానో. ఏ తలనొప్పి వచ్చినా నార్మలైజేషన్‌లో సర్దుకుపోతుంది అనేవాళ్లం, జ్వరం వచ్చినా దెబ్బ తగిలినా ఒకే మాత్ర ఇచ్చే డాక్టరులాగా. ఆ రోజు మాత్రం నా నోటి వెంట భీమ్‌రావు గారి మాట వచ్చింది.

"పెరుగుతుంది, ఎవరికి?"

అదే షిఫ్టులో ఇంగ్లీషు పేపరు తీసుకున్న పిల్లలకు ఏ దెబ్బా తగల్లేదు. వాళ్లకు స్పీడ్ అనే ఉంది. దెబ్బ తగిలినవాళ్లకూ తగలనివాళ్లకూ కలిపి గీత ఒకే మోతాదులో ఇస్తుంది. అంటే నష్టపోయిన పిల్లకు రవ్వంత, నష్టపోని పిల్లకు ఊరికే రవ్వంత. ఇద్దరి మధ్య తేడా అట్లాగే ఉంటుంది.

"ఆ ప్రశ్నను విడదీసి చూద్దాం," అన్నాను. "తెలుగు పేపరు వాళ్లు వేరు, ఇంగ్లీషు వాళ్లు వేరు. మిగతా పేపరంతా బాగా రాసినవాళ్లు, ఓ మోస్తరుగా రాసినవాళ్లు, అసలు రాయనివాళ్లు. ఒక్కో గుంపులో ఈ ప్రశ్న ఎంతమందికి రైటయిందో తియ్యి."

ఇంగ్లీషు పేపరులో ఎక్కడైనా ఉండేదే ఉంది. బాగా రాసినవాళ్లకు ఎక్కువగా రైటు, రాయనివాళ్లకు ఎక్కువగా తప్పు. తెలుగు పేపరుది తెర మీదికి రాగానే కిరణ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఇదేంది మేడం, ఉల్టా వస్తుంది? నేనే ఏదో తప్పు జేసిన."

మళ్లీ నడిపాడు. మళ్లీ అదే. మిగతా పేపరు ఎంత బాగా రాస్తే ఈ ప్రశ్న అంత తప్పు. చదవనివాళ్లకు వేగమైనా వడైనా ఒకటే, వాళ్లు ఉజ్జాయింపుగా దూరాన్ని కాలంతో భాగించి రైటు కొట్టేశారు. పుస్తకం శ్రద్ధగా చదివినవాళ్లంతా వరసబెట్టి సున్నా పెట్టారు.

నిజం చెప్పాలంటే మొదట నాకు కలిగింది సంతోషం. పరీక్షల విద్యలో ఇంత స్పష్టంగా తలకిందులైన ప్రశ్న పుస్తకాల్లో చదవడమే కానీ కళ్లారా చూడలేదు. అరగంటసేపు ఆ బొమ్మనే చూస్తూ కూర్చున్నాను. తర్వాత ఆ బొమ్మలో చుక్కలన్నీ పిల్లలే కదా అని తట్టింది, కోపం వచ్చింది. బాగా చదివినందుకు మార్కు కోసే పరీక్ష ఒకటి ఉంటుందని, దాన్ని మేమే పెట్టామని.

మర్నాడు కిరణూ నేనూ కన్వీనరు విశ్వనాథం గారి గదిలో కూర్చున్నాం. ఆయన లెక్కల ప్రొఫెసరు, కోస్తా మనిషి, చెడ్డవారు కారు. ర్యాంకులు ప్రకటించే రోజు దగ్గరపడి నిద్రలేక ఉన్నారు.

"వేగం అంటే స్పీడు కాక మరేమిటండీ? పేపర్లో రోజూ చూస్తున్నాంగా, గంటకు వంద కిలోమీటర్ల వేగంతో వచ్చి ఢీకొట్టిందని."

"ఆ వార్త చదివి ఎవరికీ మార్కు పోదు సార్."

పేపరును తెలుగు చేసిన లెక్చరరును పిలిపించారు. పాపం, ఆయన భయంభయంగానే వచ్చాడు. వడి అన్న మాట తెలియదా అని అడిగితే ఆయన చెప్పింది విని నేను నోరు తెరిచాను.

"తెలుసు మేడం. మొదట వడి అనే రాశాను. కానీ ఇప్పటి పిల్లలకు ఆ మాట ఎవరికి అర్థమవుతుంది, తల్లి ఒడి అనుకుంటారేమో అని భయమేసింది. వాళ్ల మంచికే సులువైన మాట వేశాను."

ఆయన్ను ఏమనగలం? కష్టమైన మాటను కష్టపడి నేర్చుకున్న పిల్లల మీద జాలిపడి, వాళ్లు నేర్చుకున్నదాన్నే తీసేశాడు. ఈ వృత్తిలో నేను చూసిన తప్పుల్లో దుర్మార్గంతో చేసినవి దాదాపు లేవు. ఇలా దయతో చేసినవే ఎక్కువ, వాటిని పట్టుకోవడమే కష్టం.

"సరే, అందరికీ ఒక మార్కు కలిపేద్దాం," అన్నారు విశ్వనాథం గారు. "రైటువాళ్లకు, తప్పువాళ్లకు, అందరికీ. గొడవ వదిలిపోతుంది."

"వదలదు సార్. షిఫ్టు మొత్తానికి కలిపితే ఆ షిఫ్టు సులువుగా వచ్చినట్టు కనిపిస్తుంది. మనం ఈ చేత్తో ఇచ్చింది గీత ఆ చేత్తో తీసేసుకుంటుంది."

లెక్కల మనిషి కాబట్టి ఇంకో మాట చెప్పాల్సిన పని లేకపోయింది. నుదురు రుద్దుకున్నారు. తెలుగు పేపరు తీసుకున్నవాళ్లకు రెండు భాషలూ కనిపిస్తాయి కనుక, వాళ్లకు రెండు జవాబులూ రైటే అనుకుందాం, ఇంగ్లీషు పేపరుకు పాత కీనే ఉంచుదాం అన్నాను.

"ఒక ప్రశ్నకు రెండు జవాబులా? కోర్టుకెక్కుతారండీ."

"మనం అడిగింది రెండు ప్రశ్నలు సార్. ఒకటే అనుకున్నాం."

ఆయన కిరణ్ తెచ్చిన బొమ్మను దగ్గరికి లాక్కున్నారు. "సగటు వడి," అని తనలో తాను అనుకున్నట్టు అన్నారు. "నేనూ జిల్లా పరిషత్ బళ్లో తెలుగు మీడియమేనండీ. మా మాస్టారు బెత్తం పట్టుకుని చెప్పించేవారు. ఇన్నేళ్లూ స్పీడు, వెలాసిటీ అంటూ ఆ మాటే మర్చిపోయాను. ఈ పరీక్ష నేను రాసుంటే..." అని ఆగి, "నేనూ సున్నానే పెట్టేవాణ్ణి," అన్నారు.

నిపుణుల కమిటీని మళ్లీ కూర్చోబెట్టారు. వాళ్లూ ఒప్పుకున్నారు. ర్యాంకులు ఆలస్యమయ్యాయి, పత్రికలు మమ్మల్ని చీల్చి చెండాడాయి, టీవీల్లో గొడవ గొడవ. ఒక చానల్ అయితే మా ఆఫీసు గేటు ముందు నిలబడి గేటునే చూపించింది. విశ్వనాథం గారు అన్నీ తన మీదే వేసుకున్నారు. పై అధికారుల్లో నేను గౌరవించినవాళ్లు కొద్దిమంది, వారిలో ఆయన ఒకరు.

కొత్తగా వచ్చేవాళ్లకు

గీతను తిట్టేవాళ్ల మాట వినకండి. అది లేకపోతే బురదలో పరుగెత్తిన పిల్లలకు దిక్కులేదు. గీతను మొక్కేవాళ్ల మాట అసలే వినకండి. షిఫ్టుకూ షిఫ్టుకూ మధ్య ఉన్న ఎగుడుదిగుడును అది సాపు చేస్తుంది. షిఫ్టు లోపల ఒక భాషకూ ఇంకో భాషకూ మధ్య గొయ్యి ఉంటే దాని మీద నుంచి నున్నగా సాగిపోతుంది, ఆ గొయ్యిలో ఎవరు పడ్డారో చూడదు. అది చూడాల్సింది మీరు. లెక్క మొదలుపెట్టే ముందు ప్రతి ప్రశ్నకూ తెలుగు పేపరును విడిగా తీసి చూడండి, బాగా చదివినవాళ్లు ఎక్కడ తప్పుతున్నారో చూడండి. పెద్ద పనేమీ కాదు. మన ఆఫీసులో ఇప్పుడు ఆ అలవాటు పడింది, కిరణ్ పట్టుబట్టి చేయిస్తున్నాడు. ఎవరైనా సర్దుకుపోతుంది అంటే తల ఎత్తకుండా "ఎవలికి?" అంటున్నాడట. కొత్తవాళ్లు అతన్ని చూసి వణుకుతున్నారట. వణకనివ్వండి.

ఇక నవనీత సంగతి. ఆమెకు సర్కారు కాలేజీలోనే సీటు వచ్చింది. నేను రిటైరయ్యాక ఒక ఆదివారం చిక్కడపల్లి లైబ్రరీ బయట జామకాయల బండి దగ్గర కనిపించింది. నేను గుర్తుపట్టలేదు. ఆమే వచ్చి, "మేడం, నేను. వేగం, వడి," అంది. చేతిలో లావుపాటి డిక్షనరీ. అంతా ఇంగ్లీషులోనే చెబుతున్నారని, ఆదివారాలు ఇక్కడికి వచ్చి మాటలకు అర్థాలు రాసుకుంటున్నానని చెప్పింది. అమ్మ బాగుందట. జామకాయ కోయించి, ఉప్పూ కారం వేయించి చేతిలో పెట్టాను. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఇంత కాలం పని చేశాక లెక్కలోంచి ఒక మనిషి నడిచి వచ్చి ఎదురుగా నిలబడింది.

"కాలేజీ ఎట్లా ఉంది?" అన్నాను.

"మంచిగనే ఉంది మేడం." జామముక్కను వేళ్ల మధ్య తిప్పింది. "మొన్న ఫిజిక్స్ క్లాసుల సార్ ప్రశ్న అడిగిండు. వెనక బెంచిల ఒకామె లేచి జవాబు చెప్పింది. స్పీడ్ అనబోయి వడి అన్నది. క్లాసంత నవ్విండ్రు."

నాకు ఒళ్లు మండింది. నవ్వినవాళ్లను పట్టుకుని నాలుగు దులపాలనిపించింది. అదే అనబోతున్నాను.

"నేను గూడ నవ్విన మేడం," అంది.

జామకాయల అతను చిల్లర ఇచ్చాడు. తీసుకున్నాను. నవనీత తల దించుకునే ఉంది. ఏమని ఓదార్చను? నవ్వకపోతే తనూ ఆ వెనక బెంచీ పిల్ల పక్కన చేరిపోతానని భయపడింది. దాన్ని సరిచేసే గీత నా దగ్గర లేదు.

"ఆ అమ్మాయి పేరేమిటి?" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"తెల్వదు మేడం." డిక్షనరీని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "రేపు పోయి అడుగుత."